గాలికీ గేటు డబ్బులే

అనంతగిరి ఘాటు ఎక్కి రోడ్డు కాస్త చదునయ్యే చోట పదిమంది ఆడవాళ్ళు వెదురుబొంగు అడ్డం పట్టుకుని ఫల్గుణ ట్రైలరును ఆపారు. పొద్దున్నించీ అతనికి ఇది నాలుగో గేటు. ఇటుకల పండగ రోజుల్లో మన్యంలో మగవాళ్ళు విల్లంబులు తీసుకుని వేటకు పోతే, ఆడవాళ్ళు రోడ్డెక్కి వచ్చే పోయే బండ్ల దగ్గర పండగ డబ్బులు వసూలు చేస్తారు. కార్లలో వచ్చిన యాత్రికుల్లో కొందరు నవ్వుతూ ఇస్తారు, కొందరు గొణుక్కుంటూ ఇస్తారు. ఇవ్వనివాళ్ళకు మాత్రం బొంగు లేవదు.

ఈ బండిని చూశాక ఆ ఆడవాళ్ళకే కాస్త బెరుకు పుట్టింది. ఇరవై అడుగుల ఇనప కంటైనరును వీపున వేసుకుని ఒక ట్రైలరు ఆ వంపులన్నీ తిరిగి పైకి రావడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. కిందనుంచి వచ్చే డ్రైవర్లు దూరం నుంచే ఆ ఘాటును చూసి దండం పెట్టి వెనక్కి పోతారు. డోరు అద్దం దించి బయటికి చూసిన మొహం తమలాంటి కొండ మనిషిదేనని తెలిశాక వాళ్ళకు మాటలు వచ్చాయి.

“ఏటి మరిదీ, ఇంత డబ్బాలో ఏటి తెస్తన్నావు?” అంది బొంగు చివర పట్టుకున్నావిడ.

“గాలి తెస్తన్నాను వదినా. లోపల ఏటీ నేదు.”

“గాలి మోసుకొస్తే నీకు డబ్బులిత్తన్నారా?”

“ఇత్తన్నారు మరి.”

“అయితే గాలిక్కూడా గేటు కట్టాల్సిందే.”

ఫల్గుణ కట్టాడు. కట్టి, కిందికి దిగి, వాళ్ళ వరసలో కలిసి ఒక చుట్టు థింసా ఆట అడుగులు వేశాడు. అప్పుడుగాని బొంగు పైకి లేవలేదు. మళ్ళీ సీటెక్కి గేరు వేస్తుంటే అతనికి నవ్వాగలేదు. ఎందుకంటే నెల కిందట ఇదే ప్రశ్న అతన్ని అతని అప్ప అడిగింది.

అప్పంటే అప్పలనర్సమ్మ, ఫల్గుణకు తోడబుట్టిన పెద్దది. పనసగూడ కాఫీ సంఘానికి పెద్ద కూడా ఆవిడే. ఆ ఊరి కాఫీ ఇన్నేళ్ళూ చిన్న లారీల్లో ఘాటు దిగి విశాఖపట్నంలో ఎవరిదో గోడౌనుకు పోయేది. అక్కడ పది ఊళ్ళ సంచులతో కలిసిపోయేది. తర్వాత ఎవరో వాటిని కంటైనరులోకి ఎక్కించేవారు. ఊరి పేరు ఘాటు దిగేదాకే ఉండేది. ఈ ఏడు మాత్రం దూరదేశం కొనుగోలుదారుడొకడు పనసగూడ కాఫీ పనసగూడదిగానే కావాలన్నాడు. ఊళ్ళోనే కంటైనరులో నింపి, ఊళ్ళోనే సీలు వేసి పంపితే తీసుకుంటానన్నాడు. అప్పలనర్సమ్మ సరేనంది.

రేట్లు తెప్పించుకుని చూశాక ఆవిడకు కోపం వచ్చింది. ఓడ ఆ డబ్బాను సముద్రాలు దాటించడానికి ఎంత అడుగుతోందో, గాజువాక ట్రైలరు ఓనరు సురేంద్ర దాన్ని కొండకు తెచ్చి మళ్ళీ పోర్టుకు చేర్చడానికి దగ్గర దగ్గర అంతా అడిగాడు. ఆ సురేంద్ర దగ్గరే పనిచేస్తున్న తమ్ముణ్ణి కాఫీ షెడ్డులో కూర్చోబెట్టి, నీ ఓనరు మమ్మల్ని కొండోళ్ళమని మోసం చేస్తున్నాడా అని అడిగింది. పైకి వచ్చేటప్పుడు లోపల గాలే కదా, గాలికి కూడా మేం కట్టాలా అని అడిగింది.

ఫల్గుణ మాటకారి కాడు. పోర్టు పార్కింగులో మిగతా డ్రైవర్లు అతన్ని ‘కొండోడు’ అని పిలిచినా తలూపి ఊరుకునేవాడు. పదేళ్ళుగా జీపు, లారీ, ట్రైలరు ఒకదాని తర్వాత ఒకటి నేర్చుకుంటూ పోయాడు గాని, తన పని గురించి ఒకరికి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తనకు తెలిసిన జీపు లెక్కతోనే మొదలుపెట్టాడు.

“సంతకి సర్వీసు జీపులో ఎల్తే ఎంతిత్తావప్పా?”

ఆవిడ చెప్పింది.

“అదే జీపు నీ ఒక్కదానికే కట్టించుకుంటే?”

“ఇరవైమంది డబ్బులూ నేనే ఇయ్యాల. నన్ను దించి ఖాళీగా తిరిగెళ్తాది కదా, ఆ డబ్బులూ నాయే.”

“ఓడ సర్వీసు జీపప్పా. అందులో మన డబ్బాతో పాటు వేల డబ్బాలు కూకుంటాయి. నా బండి నువ్వొక్కదానివే కట్టించుకున్న జీపు.”

అప్పలనర్సమ్మకు అర్థమైపోయింది. తర్వాత మిగతాదంతా ఆవిడే అడిగి అడిగి లాగింది. ఓడ రేటు నెలకో తీరుగా ఎందుకు మారుతుందంటే, సంత సాయంత్రం జనం ఎగబడితే జీపువాడు రేటు పెంచడూ, ఖాళీగా ఉన్నరోజు పిలిచి మరీ ఎక్కించుకోడూ, అలాగేనని చెప్పాడు ఫల్గుణ. ఘాటులో డీజిలు ఎంత తాగుతుందో, బ్రేకులు ఎంత అరుగుతాయో చెప్పాడు.

ఇంకో ఓనరు ఇంకా తక్కువకు వస్తానన్నాడని ఆవిడ చెప్పినప్పుడు మాత్రం తల దించుకున్నాడు. అతనెలా తగ్గించగలిగాడో ఫల్గుణకు తెలుసు. ఈ పనిలో డ్రైవరుకు డబ్బులు ట్రిప్పు లెక్కన ఇస్తారు. ట్రిప్పుకు ఇంత, తిండికి బత్తా ఇంత. సరుకు ఎక్కించేవాళ్ళు ఆలస్యం చేసినా, పోర్టు బయట లైను రోజంతా కదలకపోయినా ఆ ట్రిప్పు డబ్బులే. బండి నిలబడినందుకు సరుకువాళ్ళ దగ్గర వెయిటింగు చార్జీలు తీసుకుంటారు, అవి ఓనరుకు పోతాయి. నిద్రకాచి నిలబడిన డ్రైవరుకు అందులోంచి టీ కూడా రాదు. తక్కువకు వస్తానన్న ఆ ఓనరు ట్రిప్పు డబ్బులే కోసేశాడు. అతని డ్రైవర్లు ఆ కోత పూడ్చుకోవడానికి నిద్ర మానుకుని ట్రిప్పు మీద ట్రిప్పు తోలుతారు.

అంతా విని అప్పలనర్సమ్మ ఒకటే అడిగింది. “ఆ తగ్గించింది ఎవుడి కంచంలోంచి తగ్గించేడన్నమాట?”

మర్నాడు ఆవిడ ఎక్కువ అడిగిన సురేంద్రకే ఫోను చేసింది. రేటు ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టింది. ఎక్కడైనా బండి నిలబడాల్సి వస్తే ఆ వెయిటింగు డబ్బుల్లో సగం డ్రైవరు చేతికే ఇవ్వాలి. ఇన్నేళ్ళలో సరుకువాళ్ళెవరూ ఇలాంటిది అడగలేదని సురేంద్ర నవ్వాడు. కొండ సరుకు ప్రతి ఏడూ తనకే వస్తుందన్న ఆశ ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు. ఒప్పుకుని తన షరతు తను పెట్టాడు. ఈ మొదటి డబ్బా పోర్టు గేటు మూసేలోపు లోపలికి వెళ్ళాలి. వెళ్ళకపోతే తన బండి ఇంకెప్పుడూ ఆ ఘాటు ఎక్కదు. సంచులు మళ్ళీ చిన్న లారీల్లో గోడౌనుకు దిగాల్సిందే, పది ఊళ్ళ సంచుల్లో కలవాల్సిందే.

ఈ ఓడ సరుకుకు ఆ గేటు రేపు సాయంత్రం ఆరుకు మూసేస్తారు. ఫల్గుణ తలలో ఘాటు పొడుగునా ఆ ఆరు గంటలే తిరుగుతున్నాయి.

పనసగూడ మలుపులో అయిదో గేటు ఉంది. అది సొంత ఊరి గేటు కాబట్టి వదిలేస్తారని అనుకున్నాడు. బండి ఆగీ ఆగకముందే అద్దం మీద దబ్బున పేడనీళ్ళు పడ్డాయి. వేటకు పోయి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లడం పండగ రివాజు. వదినలూ మరదళ్ళూ చుట్టుముట్టారు.

“ఊళ్ళో మొగోళ్ళందరూ అడివికెళ్తే నువ్వు రోడ్డట్టుకు తిరుగుతున్నావా బావా?” అంది స్వర్ణ. ఆ గుంట అతనికి మేనమామ కూతురు, నోటికి అడ్డూ ఆపూ లేనిది.

“ఇదే నా వేట.”

“మరి వేట ఏదీ? డబ్బా ఖాళీయేగా.”

ఫల్గుణ వైపరు వేసి పేడ తుడుచుకున్నాడు. ఆ నవ్వుల మధ్య అతనికి ఒక సంగతి తట్టింది. మగవాళ్ళందరూ అడవికి పోతే సంచులు ఎవరు ఎత్తుతారు?

షెడ్డు దగ్గర అప్పలనర్సమ్మ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. పక్కన సీలు వెయ్యడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఉదయ్ అనే కుర్ర ఉద్యోగి వాచీ చూసుకుంటున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఆవిడ దాచకుండా చెప్పింది. ఓడ వారం వెనక్కి జరిగిందనీ, ఫలానా మంగళవారం లోడింగు పెట్టుకోవచ్చా అనీ ఫోను వస్తే, ఆవిడ గోడ మీది క్యాలెండరు చూసింది. మంగళవారం మీద ఎర్ర గుర్తేమీ లేదు. సరేనంది. ఇటుకల పండగ ఏ క్యాలెండరులోనూ ఉండదు. దాన్ని ఊరి పూజారి సోంబరు చుక్కలు చూసి, పెద్దలతో మాట్లాడి పెడతాడు. ఆ రాత్రే ఊరు కూడి ఆ మంగళవారం కలిసొచ్చేలా పండగ పెట్టుకుంది, అప్పటికే ఓడ రోజు ఖాయమైపోయింది. పెట్టుకున్నాక ఆ రోజుల్లో ఊరి మగవాడు నాగలి కట్టడు, కావడి ఎత్తడు. బూర్జ నుంచో అరకు నుంచో కూలీలను తెద్దామంటే అక్కడా పండగే.

“మా ఆయన పొద్దున్నే ఎల్లిపోయేడు. నేను ఆపితే పోయేది, ఆపలేకపోయేను,” అంది. ఆవిడ భర్త భీముడు వేటగాళ్ళ ముందు నడిచేవాడు.

బండి షెడ్డుకు ఆనించి ఫల్గుణ తలుపులు తీశాడు. మూడు వందల పైచిలుకు సంచులు గోడవారగా పేర్చి ఉన్నాయి. ఎదురుగా ఖాళీ డబ్బా నోరు తెరుచుకుని ఉంది. మధ్యలో మనుషులు లేరు. లోడింగుకు ఇచ్చిన ఉచిత సమయం అలాగే అయిపోయింది. అప్పట్నించి బండి నిలబడ్డ ప్రతి గంటకూ సంఘం డబ్బులు కట్టాలి, అందులో సగం ఫల్గుణవి.

“తమ్ముడా, నువ్వు కూకో. ఊరికే కూకున్నా నీకు డబ్బులే కదా ఇప్పుడు,” అంది అప్పలనర్సమ్మ. ఎగతాళి చేస్తూనే గోడవారనున్న సంచులు మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఇన్నేళ్ళలో నిలబడినందుకు డబ్బులు రావడం అతనికి ఇదే మొదలు. ఎప్పుడైనా ఇలా జరిగితే హాయిగా చెట్టు నీడన పడుకుంటానని అతను చాలాసార్లు అనుకున్నాడు. ఇప్పుడు నీడ ఉంది, మనసు మాత్రం నిలవడం లేదు. టైర్లు తన్ని చూశాడు, చూసినవే మళ్ళీ చూశాడు. చివరికి వెళ్ళి ఒక సంచి మూలలు పట్టుకున్నాడు. అది చూసి షెడ్డు అరుగు మీద కూర్చున్న సోంబరు గట్టిగా దగ్గాడు. ఆ దగ్గు చాలు. ఫల్గుణ పనసగూడ మగవాడు. సంచి వదిలేశాడు.

అప్పలనర్సమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. వెళ్ళి సోంబరు ఎదురుగా నేల మీద చతికిలబడింది.

“మావా, పండగని మేం నీళ్ళు మొయ్యడం మానీసేమా?”

“నేదు.”

“కట్టెలు తేవడం మానీసేమా? నీకు గంజి కాసి పొయ్యడం మానీసేమా?”

సోంబరు తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. “మానీలేదమ్మా.”

“మరి మేం సంచెత్తితే తప్పేటి?”

ముసలాయన చాలాసేపు అడవివైపు చూస్తూ కూర్చున్నాడు. ఉదయ్ ఏదో అనబోతే ఫల్గుణ చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇలాంటప్పుడు మధ్యలో మాట్లాడితే మొదటికే మోసం వస్తుంది.

“నాగలి కట్టొద్దనీ, కావడెత్తొద్దనీ పెద్దలు మొగోళ్ళకి సెప్పేరు,” అన్నాడు చివరికి సోంబరు. “ఆడోళ్ళకి ఇలగని సెప్పినట్టు నేను ఎక్కడా ఇన్లేదు.”

“సెప్పినా మనం ఇంటామా అని సెప్పుండరు,” అంది వెనకనుంచి ఓ ముసలమ్మ. సోంబరు కూడా నవ్వాడు.

అప్పలనర్సమ్మ లేచి రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్ళింది. గేటు దగ్గరి ఆడవాళ్ళు వెంటనే ఒప్పుకోలేదు. పండగ డబ్బులు ఏడాదికొకసారి వాళ్ళకంటూ వచ్చే డబ్బులు. ఆ సాయంత్రం యాత్రికుల కార్లు వరసగా దిగే వేళ. గేటు వదిలేస్తే మాకేటని స్వర్ణ అడిగింది. బండి ఇంకా నిలబడితే ఓనరుకు కట్టాల్సిన డబ్బులేవో అవి మీ గేటుకే కడతానంది అప్పలనర్సమ్మ. అలా అయితే ఇది కూడా ఓ గేటే కదా అని వాళ్ళు నవ్వుకున్నారు. రోడ్డుకు అడ్డంగా ఉన్న వెదురుబొంగు అప్పుడు లేచింది. ఆగి ఉన్న కార్లన్నీ ఊరికే వెళ్ళిపోయాయి.

సంచి బరువు మనిషి బరువంత ఉంటుంది. ఇద్దరిద్దరు ఒక్కో సంచి పట్టారు. డబ్బాలోకి వేసిన చెక్క పలక మీదుగా ఎక్కేచోట ఇంకో ఇద్దరు అందుకున్నారు, లోపల ఇంకో ఇద్దరు. కాసేపటికి ఎవరూ చెప్పకుండానే అదొక వరస అయింది. థింసాలో ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి అడుగేసినట్టే అడుగులు పడ్డాయి. ఎవరో పాట ఎత్తారు. ఫల్గుణ సంచి ముట్టుకోలేదు గాని డబ్బా లోపల నిలబడి, ఏ సంచి ఎక్కడ పడాలో తను చెప్పాడు. వెనక బరువెక్కువైతే వంపుల్లో బండి మాట వినదు. ఒక పక్క ఎక్కువైతే లోయవైపు వాలుతుంది. రెండుసార్లు పేర్చినవి తీయించి మళ్ళీ పేర్పించాడు. స్వర్ణ తిట్టింది, తిడుతూనే మార్చింది. ఉదయ్ తన షర్టు చేతులు మడిచి వరసలో చేరాడు. అతను పనసగూడ మగవాడు కాడు కాబట్టి సోంబరు దగ్గలేదు.

పొద్దు కొండ మీదికి వాలేసరికి ఆఖరి సంచి లోపలికి వెళ్ళింది. అయిదారుగురు కలిసి బరువైన ఇనప తలుపులు నెట్టి మూశారు. పొద్దున్న విత్తనాల పూజలో వాళ్ళు పసుపు కలిపారు. ఆ పసుపు ఇంకా చేతుల గీతల్లో ఉంది. చెమటతో తడిసి అది తలుపుల మీద అరచేతులుగా దిగింది. ఉదయ్ సీలు వేశాడు. తాళం పడ్డ చప్పుడుకు అందరూ ఒక్కసారి అటు తిరిగారు.

అప్పుడే అడవిలోంచి మగవాళ్ళు దిగివచ్చారు. అందరికంటే ముందు భీముడు ఉన్నాడు. చేతిలో విల్లు తప్ప ఏమీ లేదు. పేడనీళ్ళ కోసం అతను తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు మాత్రం చతికిలబడి ఒకరి భుజాలు ఒకరు పట్టుకుంటున్నారు.

“ఈ పూటకి మిమ్మల్ని ఒగ్గీసేం. వేట మేమే కొట్టీసేం,” అంది అప్పలనర్సమ్మ డబ్బావైపు చెయ్యి చూపించి.

తెల్లవారగానే ఫల్గుణ బయలుదేరాడు. పైకి వచ్చిన బండి, కిందికి దిగుతున్న బండి ఒకటే అనిపించలేదు. గాలి మోసినప్పుడు వంపులో విసురుగా తిరిగిన వెనకభాగం ఇప్పుడు నిదానంగా, బుద్ధిగా వెంట వస్తోంది. చిన్న గేరులో, బ్రేకు ఎక్కువ తొక్కకుండా దింపాడు. నిన్న అతన్ని ఆపినవాళ్ళే దారిలో మళ్ళీ బొంగు పట్టుకుని ఉన్నారు. “ఏటి మరిదీ, ఇయాల కూడా గాలేనా?” అని అరిచింది ఆ వదిన. “కాఫీ వదినా, మా ఊరి కాఫీ,” అన్నాడతను. ఆవిడ డబ్బులడగకుండానే బొంగు ఎత్తేసింది. వెళ్తున్న తలుపుల మీద చేతి గుర్తులు చూసి ఆ ఆడవాళ్ళు ఈలలు వేశారు.

పోర్టు బయట లైను అతను భయపడినంతా ఉంది. మధ్యాహ్నం ఎండలో లారీలు ఒకదాని తోక ఒకటి ముట్టుకుంటూ నిలబడ్డాయి. ఇదివరకు ఈ లైనులో గడిచిన పూటలకు ధర లేదు. ఈరోజు ఉంది. వెయిటింగు డబ్బుల్లో సగం తనదేనని ఫల్గుణ చెబితే పక్కబండి డ్రైవరు నమ్మలేదు. సరుకువాళ్ళే అడిగి ఇప్పించారా అని రెండుసార్లు అడిగాడు.

“ఎవర్రా బాబూ వాళ్ళు?”

“మా అప్ప,” అన్నాడు ఫల్గుణ.

లైను ఒక్కో బండి మేర కదిలింది. సురేంద్ర ఫోను మీద ఫోను చేశాడు. ఎండ మెత్తబడి, నీడలు సాగి, గేటు మీది దీపం వెలిగే వేళకు ఫల్గుణ బండి గేటు ముందుకు వచ్చింది. కాగితాలు చూసే ఉద్యోగి సీలు సరిచూడడానికి వెనక్కి వెళ్ళి, తలుపుల దగ్గర ఆగిపోయాడు. ఈ చేతులేంటని అడిగాడు. ఎక్కించినవాళ్ళవని ఫల్గుణ చెప్పాడు. ఎవరెక్కించారని అడిగితే, మా ఊరి ఆడవాళ్ళని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతను తల దించుకోలేదు. ఉద్యోగి ఆ అరచేతుల్ని ఇంకో క్షణం చూసి, తుడవమనకుండా కాగితం మీద ముద్ర కొట్టాడు. వెనకున్న మూడు బండ్లు కూడా లోపలికి వచ్చాక గేటు మూసేశారు.

లోపల క్రేను డబ్బాను ట్రైలరు మీంచి లేపింది. రంగురంగుల డబ్బాలు కొండలా పేర్చి ఉన్న చోట దాన్ని కూడా ఒక వరస మీద పెట్టింది. దూరానికి ఏది ఎవరిదో తెలియదు. ఆ ఒక్కటి మాత్రం తెలుస్తోంది. ఫల్గుణ ఫోను తీశాడు.

“ఎక్కిందా?” అంది అప్పలనర్సమ్మ. పలకరింపు కూడా లేదు.

“గేటు దాటిందప్పా. సర్వీసు జీపు కోసం లైన్లో కూకుంది.”

అవతల చాలామంది ఒక్కసారి మాట్లాడారు. డోలు చప్పుడు వినిపించింది. ఇంకో డబ్బా ఎప్పుడు పంపమంటారని అప్పుడే సురేంద్ర మనిషి ఫోను చేశాడట, ఆవిడ చెప్పింది.

“ఏటి సెప్పేవు మరి?”

“ఈసారి గోడ మీది క్యాలెండరు సూసి సెప్పనన్నాను. సోంబరు మావనడిగి సెప్తానన్నాను.”

ఫల్గుణ ఖాళీ ట్రైలరును గేటువైపు తిప్పాడు. అద్దంలో డబ్బాల కొండ చిన్నదవుతున్నా, పసుపు చేతులున్న డబ్బా ఇంకా కొంత దూరం కనబడుతూనే ఉంది.